తమ్ముడికి చలేస్తోంది

అన్నగారికి పిచ్చి ఒక్కటే. కంప్యూటరు తెర మీద కత్తి పట్టుకుని పరుగెత్తే బొమ్మను ఆయన బొమ్మ అనుకునేవాడు కాదు, తోడబుట్టిన తమ్ముడనుకునేవాడు. మిగతా అన్ని విషయాల్లోనూ మీకూ నాకూ ఉన్నంత తెలివి ఆయనకూ ఉండేది. రోడ్డు దాటేటప్పుడు అటూ ఇటూ చూసేవాడు, మబ్బు పడితే గొడుగు తెచ్చుకునేవాడు, బస్సులో దిగేవాళ్ళకు పక్కకు జరిగి దారిచ్చేవాడు. ఆ తెర ముందు కూర్చున్నాడా, ఇక మనిషి మన లోకంలో ఉండేవాడు కాదు.

తాళాల కొట్టు పైన, రెండో అంతస్తులో, మూడు గదుల ఆఫీసు అది. అక్కడ వీడియో గేములు తయారుచేసేవాళ్ళు. కింద తాళంచెవులు అరగదీసే చప్పుడు పొద్దున తొమ్మిదికి మొదలైతే సాయంత్రం దాకా ఆగేది కాదు. ఇప్పుడా కొట్టూ లేదు, ఆ మెట్లూ లేవు. కొత్తమ్మాయికి మాత్రం ఎక్కడైనా ఇనుము మీద ఆకురాయి గీసిన చప్పుడు వినిపిస్తే చాలు, అన్నగారి గొంతు గుర్తొస్తుంది, తనలో తనే నవ్వుకుంటుంది. ఆమె ఆ ఆఫీసులో చేరి తొమ్మిదేళ్ళు దాటింది. పేరు మాత్రం కొత్తమ్మాయిగానే స్థిరపడిపోయింది.

అప్పట్లో వాళ్ళు తయారుచేస్తున్నది ఒక అనాథ కుర్రవాడి కథ. కొండల మధ్య ఒక రాజ్యాన్ని పొగరాక్షసుడు ఆక్రమించుకుంటాడు. ఈ కుర్రవాడు అడవిలో దాక్కున్న ఒక ముసలి యోధుడి దగ్గర కత్తి తిప్పడం నేర్చుకుని, రాక్షసుణ్ణి చంపి, రాజ్యాన్ని విడిపించాలి. కొత్తమ్మాయి పని ఆ రాజ్యంలో రోడ్లు, వంతెనలు, గోడలు, మెట్లు కట్టడం. అన్నగారి పని ఆటను పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆడి, అందులో దొర్లిన తప్పులు పట్టుకుని జాబితా రాయడం. ఆ తప్పుల్ని ఆఫీసులో బగ్గులనేవాళ్ళు.

చేరిన మొదటి రోజు ఆమె తన కుర్చీ వెతుక్కుంటూ వస్తే, పక్క బల్ల దగ్గర యాభై అయిదేళ్ళ పెద్దమనిషి ఒకాయన తెరను బతిమాలుతున్నాడు.

"వద్దు నాన్నా, అంత ఎత్తు నుంచి దూకకు. నా మాట విను. ఆ... దూకాడు! చూడమ్మా, దూకాడు!"

"ఎవరండీ?"

"మా తమ్ముడు. చెబితే వినే రకం కాదు."

"దూకే బటన్ నొక్కింది మీరే కదండీ?"

"నేను నొక్కితే మాత్రం? వీడికి బుద్ధి ఉండొద్దూ?"

కొత్తమ్మాయి కుర్చీని రెండడుగులు దూరం జరుపుకుంది. అవతలి బల్ల దగ్గర కథ రాసే మాస్టారు అది చూసి, "ఆయనతో ఏం భయం లేదమ్మా. భయపడాల్సింది నీ కుర్చీకి. ఏడాదిలో ముగ్గుర్ని సాగనంపింది అది" అన్నాడు.

కుర్చీ పాపం ఏమీ చేయలేదు. చేసిందంతా సోమవారం. ప్రతి సోమవారం పొద్దున బాసు నడిమి గదిలో నిలబడి బగ్గుల జాబితా పైకి చదివేవాడు. ఆయన చెడ్డవాడు కాడు, కోపం మాత్రం ముక్కు మీదే కాపురం ఉండేది. ఒక్కో తప్పు చదివి, "ఇదెవరి నిర్వాకం?" అనేవాడు. ఆ నిర్వాకం చేసినవాడు లేచి నిలబడాలి. అన్నగారు చేరి అప్పటికి వారమే అయింది. ఆయనకు ముందు తప్పులు పట్టే పని చేసిన టెస్టరు మహా నిక్కచ్చి మనిషి, ప్రతి తప్పు పక్కన మనిషి పేరు కూడా రాసేవాడు. కాబట్టి ఎవరు లేవాలో వెతుక్కునే శ్రమ ఉండేది కాదు. రెండు గంటలు గది దద్దరిల్లేది. ఆ ముగ్గురూ అలా లేచి లేచి, చివరికి లేచిపోయి ఇంకో ఉద్యోగం చూసుకున్నారు.

కొత్తమ్మాయికి అలా వెళ్ళే వీలు లేదు. వాళ్ళ నాన్న బ్యాంకు ఉద్యోగి. బొమ్మల రోడ్లు వేయడం ఒక ఉద్యోగమేమిటని ఆయన వాదన. చివరికి, "ఆర్నెల్లు చూస్తాను. వాళ్ళు నిన్ను ఖాయం చేస్తే సరే, లేకపోతే నోరు మూసుకుని బ్యాంకు పరీక్ష రాయాలి" అని ఒప్పందం. బాసు కూడా ఆర్నెల్ల తర్వాతే ఖాయం చేస్తానన్నాడు. రెండు గడువులూ ఒకే రోజున పడ్డాయి. తనకు ఇష్టమైన పని తన చేతిలో నిలవాలంటే ఆర్నెల్లు తప్పు చేయకూడదు. తొలి ఉద్యోగం చేసేవాళ్ళను తప్పు చేయకుండా ఉండమనడం, చంటిపిల్లను పడకుండా నడక నేర్చుకోమనడం ఒకటే.

మొదటి సోమవారం ఆమె అందరి వెనక నిలబడింది. బాసు కాగితం విప్పాడు.

"ఒకటి. మంచుకొండ. తమ్ముడికి చలేస్తోంది. చొక్కాకు చేతులు లేవు. కన్నవాళ్ళు లేని పిల్లవాడంటే ఇంత అలుసా?"

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. బాసు గొంతు సవరించుకున్నాడు.

"రెండు. తమ్ముడు పొద్దున్నుంచి పదిహేడుమంది దొంగలతో పోరాడాడు. మంచినీళ్ళిచ్చిన నాథుడు లేడు. మూడు. నదిలో దూకాడు, తల తుడుచుకోలేదు. జలుబు చేస్తే బాధ్యులెవరు?" ఇక్కడ కాగితం దించి, "అన్నగారూ! ఇది ఆటా, ఆసుపత్రా?" అని అరిచాడు.

"మీరు దగ్గరగా చూడండి సార్. మొహం పీక్కుపోయింది" అన్నాడు అన్నగారు, బెంగగా.

అంతే, బాసు కోపమంతా ఆయన మీదికే మళ్ళింది. పావుగంట ఆయన్నే తిట్టి, కాగితం బల్ల మీద విసిరికొట్టి, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. రెండు గంటల సోమవారం పావుగంటలో అయిపోయింది. కొత్తమ్మాయి బతుకుజీవుడా అనుకుని రోడ్లు వేసుకోవడానికి వెళ్ళిపోయింది.

తమ్ముడి మీద అన్నగారి బెంగకు అంతూ పొంతూ ఉండేది కాదు. మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పుడు ఆటలో కుర్రవాణ్ణి నీడ ఉన్న చోట నిలబెట్టి లేచేవాడు. ఒకరోజు తొందరలో ఎండలో వదిలేసి వచ్చాడట. సగం అన్నంలో గుర్తొచ్చి, చెయ్యి కడుక్కుని పరుగెత్తాడు. రాక్షసుడి కోట ముందు, "లోపలికి వెళ్ళాలా వద్దా? నువ్వే ఆలోచించుకో, నీ వయసు చిన్నది" అని తెరను అడిగి నలభై నిమిషాలు జవాబు కోసం ఎదురుచూశాడు.

కథ మాస్టారితో అయితే రోజూ యుద్ధమే.

"మాస్టారూ, మీ పెద్దాయన మూడు అధ్యాయాల్లో మావాణ్ణి నలభై మూడు సార్లు తిట్టాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తిన్నావా అనలేదు."

"అన్నగారూ, ఆయన గురువండీ! కఠినంగా ఉండాలి. అప్పుడే వీడు వీరుడవుతాడు."

"ఉండనివ్వండి. కఠినంగానే అడగమనండి. తిన్నావా అని కఠినంగా అడగడం ఆయనకు చేతకాదా?"

మాస్టారు పోరు పడలేక ఒక ముక్క రాశాడు. ముసలి యోధుడు తన రొట్టెలో సగం తుంచి కుర్రవాడి ముందు పడేసి, మొహం పక్కకు తిప్పుకుని, "తిను. ఆకలితో చచ్చినవాడికి కత్తి నేర్పడం నాకు రాదు" అంటాడు. బాసు అది విని కథ ఇప్పుడు ప్రాణం పోసుకుందని మాస్టారి భుజం తట్టాడు. ఆ తర్వాత అన్నగారు ఊరుకుంటాడా? రొట్టెతో ఆగక, వారానికొకటి సాధించుకున్నాడు. యోధుడు తన కంబళి ఇచ్చాడు. లోయ దారిలో ముందు నడవడం మాని కుర్రవాడి వెనక నడిచాడు, జారితే పట్టుకోవడానికి. కుర్రవాడు మొదటిసారి గెలిచిన రోజున చాటుకు వెళ్ళి కళ్ళు తుడుచుకొచ్చి, "ఏడిశావులే" అన్నాడు. చివరి అధ్యాయానికి వచ్చేసరికి కుర్రవాడు ఆయన్ని గురువుగారూ అనడం మానేసి అన్నా అనడం మొదలుపెట్టాడు. అది ఎవరు రాశారో మాస్టారికే గుర్తులేదు.

ఇక టీ సంగతి. పొద్దున పదకొండింటికొకసారి, నాలుగింటికొకసారి కిటికీ పక్కన టీ పెట్టేవాళ్ళు. అన్నగారు కప్పు పట్టుకుని తిరిగి తిరిగి కొత్తమ్మాయి బల్ల దగ్గర ఆగేవాడు.

"చెల్లెమ్మా, తీరికైతే ఓసారి ఆ వంతెన వైపు వెళ్ళిరా. మావాడు అక్కడ కంగారుపడుతున్నాడు."

ఆమె వెళ్ళి చూసింది. వంతెన మీద మూడో చెక్క కంటికి కనిపిస్తోంది గానీ అడుగు వేస్తే లేదు. కుర్రవాడు అందులోంచి జారి అంతులేని శూన్యంలోకి పడిపోతున్నాడు. హడావిడిగా చెక్క వేసి ఊపిరి పీల్చుకుంది. ఆ సోమవారం జాబితాలో, "అరవై రెండు. వంతెన దగ్గర తమ్ముడికి కళ్ళు తిరిగాయి. వేళకు తినకపోవడం వల్ల కావచ్చు" అని వచ్చింది. బాసు అన్నగారిని తిట్టాడు.

మరో వారం, "ఆ కోటగోడ ఉందే, మావాడు దాని మీద అలిగాడమ్మా" అన్నాడు. వెళ్ళి చూస్తే కుర్రవాడు గోడలోకి సగం దూరి ఇరుక్కుపోయి ఉన్నాడు. ఆమె గోడ సరిచేసుకుంది. జాబితాలో, "డెబ్భై ఒకటి. పెద్దాయన తిట్టాడని తమ్ముడు గోడకు మొహం పెట్టి నిలబడ్డాడు. పిలిచినా రావడం లేదు" అని ఉంది. బాసు మళ్ళీ అన్నగారినే తిట్టాడు. పాపం ఈ ముసలాయనకు బగ్గంటే ఏమిటో కూడా తెలియదు, నా అదృష్టం అని కొత్తమ్మాయి అనుకుంది. ఆమె ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతుంది.

ఆర్నెల్లు నిండుతుండగా ఒక పెద్ద కంపెనీ వాళ్ళు ఆటను చూడ్డానికి వస్తామన్నారు. నచ్చితే ప్రపంచమంతా వాళ్ళే అమ్మిపెడతారట. దాంతోపాటు, ఇప్పటిదాకా పట్టుకున్న బగ్గుల జాబితా కూడా చూపించమన్నారు. బాసు ఆర్నెల్ల కాగితాలూ ఒకచోట కుట్టించి, సోమవారం పొద్దున వాటిని ఎత్తి చూపించాడు. ఆ రోజు ఆయన అరవలేదు. అందరికీ అదే భయమేసింది.

"అన్నగారూ, నాలుగు వందల పన్నెండు రాశారు. చలి, ఆకలి, జలుబు, అలక. ఇది వాళ్ళ చేతిలో పెడితే మన మొహాన ఉమ్మేస్తారు. నాకు నిజమైన టెస్టరు కావాలి. ఈ శుక్రవారం మీకు ఆఖరి రోజు." తర్వాత ఇటు తిరిగి, "కొత్తమ్మాయీ, ఆర్నెల్లలో నీ మీద ఒక్క తప్పు లేదు. శుక్రవారమే నీ ఉద్యోగం ఖాయం చేస్తాను. అందరూ చూసి నేర్చుకోండి" అన్నాడు.

కొత్తమ్మాయి సంతోషంగా కుర్చీలో కూర్చుంది గానీ, ఆ సంతోషం పట్టుమని పది నిమిషాలు నిలవలేదు. ఒక్క తప్పు లేదా? వంతెన? గోడ? పైకి ఎక్కిస్తే కిందికి దింపే ఆ మెట్లు? ఆ కాగితాల కట్ట తెచ్చుకుని మొదటి పేజీ నుంచి చదివింది. కళ్ళు తిరగడం దగ్గర తన వంతెన ఉంది. అలక దగ్గర తన గోడ ఉంది. "తమ్ముడికి మోకాళ్ళ నొప్పులు" దగ్గర తన మెట్లున్నాయి. లెక్కపెడితే తనవి ముప్ఫై ఎనిమిది.

అన్నగారు సొరుగు ఖాళీ చేస్తున్నాడు.

"మీరు కావాలనే ఇలా రాశారు" అంది.

"ఏమిటమ్మా?"

"తమ్ముడికి కళ్ళు తిరగలేదు. వంతెనకు చెక్క లేదు."

"చెక్క లేని వంతెన మీద నిలబడితే నీకు తిరగవూ?"

"అన్నగారూ!"

ఆయన సొరుగు మూసి, గొంతు తగ్గించాడు. "నేను ఇదివరకు ప్రింటింగు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. కొత్తలో నేను వదిలేసిన తప్పులన్నీ పెద్ద అక్షరాలతో గోడకు అతికించేవాళ్ళు. పక్క వీధి వాళ్ళు కూడా వచ్చి చదువుకుని వెళ్ళేవాళ్ళు. భయంతో చివరికి జీతం కాగితం మీద నా పేరే తప్పు రాశాను. అప్పుడు పక్క బల్ల దగ్గర ఒకాయన, కాగితం గోడెక్కకముందే నా చెవిలో చెప్పి దిద్దించడం మొదలుపెట్టాడు. ఆయన లేకపోతే నాకు ఈ జన్మకు పని వచ్చేది కాదు. ఆయన్ని నేను అన్నా అనేవాణ్ణి."

"బాసుతో చెప్పేస్తాను."

"చెప్పావంటే నీ ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే. ఆర్నెల్లు నేను కష్టపడి దాచింది ఎందుకు? నోరు మూసుకుని రోడ్లు వేసుకో. నాకేం తల్లీ, ఎక్కడైనా బతుకుతాను. నా బెంగంతా వాడి గురించే. వచ్చేవాడు వాణ్ణి ఎండలో నిలబెడతాడేమో."

నాలుగు రోజులు కొత్తమ్మాయికి అన్నం సహించలేదు. ఒకవైపు బ్యాంకు పరీక్ష, ఒకవైపు అన్నగారు. శుక్రవారం సాయంత్రం బాసు బిస్కెట్లు తెప్పించి, అందరినీ నడిమి గదిలోకి పిలిచి, అన్నగారి గురించి నాలుగు మంచి మాటలు చెప్పబోయాడు. మొదటి మాట దగ్గరే ఆమె లేచి నిలబడింది.

"సార్, అరవై రెండు నాది."

"ఏ అరవై రెండు?"

"జాబితాలో అరవై రెండు. నేను వంతెనకు చెక్క వేయడం మర్చిపోయాను. డెబ్భై ఒకటీ నాదే, గోడ సరిగ్గా కట్టలేదు. ఎనభై మూడోది నా మెట్లు. అన్నీ కలిపి ముప్ఫై ఎనిమిది నావి. ఆయన అన్నీ పట్టుకున్నారు, అన్నీ నాకు చెప్పి దిద్దించారు. మీరు అరవకుండా అలా రాశారంతే." గుక్క తిప్పుకోకుండా అంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, గదిలో ఒక్కొక్కరే కదలడం మొదలుపెట్టారు. కథ మాస్టారు దగ్గాడు. "నూట నాలుగు నాదండీ. పెద్దాయనకు మతిమరుపు వచ్చింది, వైద్యుడికి చూపించాలి అని ఉంటుంది చూడండి. నేనే, రెండో అధ్యాయంలో చచ్చినవాణ్ణి నాలుగో అధ్యాయంలో పలకరింపజేశాను." సంగీతం చేసే ఆయన చెయ్యెత్తాడు. "తమ్ముడికి చెవిపోటు నా వల్ల వచ్చింది సార్. ఒకే పాట రెండుసార్లు కలిసి మోగింది."

బాసు కాగితాల కట్ట తీసుకుని నిలబడే చదవసాగాడు. పేజీ, మరో పేజీ. ఒకచోట ఆగిపోయాడు. పైకి చదివాడు, మెల్లిగా.

"రెండు వందల తొమ్మిది. గుర్రం వెనక్కి నడుస్తోంది. తమ్ముడికి ఇల్లు గుర్తొచ్చినట్టుంది. ఇప్పుడేమీ అనకండి, ఏడుస్తాడు."

ఆ గుర్రాన్ని బాసు స్వయంగా చేశాడు. ఒక ఆదివారం ఒక్కడే కూర్చుని చేసి, సోమవారం అందరినీ పిలిచి చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు కూడా.

"మీరు ఆ రోజు టీ దగ్గర, గుర్రం నీరసంగా ఉంది, ఓసారి చూడండి సార్ అన్నారు" అన్నాడు బాసు.

"అన్నానేమో సార్."

"వెళ్ళి చూసి, దిద్దుకుని, ఆ తప్పు నేనే పట్టుకున్నాననుకున్నాను."

"అయినా అది మీ తప్పని నేననుకోను సార్. కొండ బాగా ఏటవాలు. ఎవరైనా వెనక్కే నడుస్తారు."

ముందు సంగీతం ఆయన నవ్వాడు. తర్వాత మాస్టారు. ఆపుకోలేక కొత్తమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. బాసు మొహం ఎర్రబడి, బిగుసుకుని, చివరికి ఆ బిగువు సడలి, ఆయన కూడా కుర్చీలో కూలబడి పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్ళద్దాలు తుడుచుకుని, "అన్నగారూ, ఆ సొరుగు మళ్ళీ సర్దుకోండి" అన్నాడు. కొత్తమ్మాయి వైపు తిరిగి, "ముప్ఫై ఎనిమిదా?" అన్నాడు.

"అవునండీ."

"ఆర్నెల్లకు ఎక్కువేం కాదు. నీ ఉద్యోగం ఖాయమే. ఆ కట్ట తీసుకుని నావి ఎన్నో లెక్కపెట్టు."

ఆమె లెక్కపెట్టింది. తొమ్మిది.

"పది సార్" అన్నాడు అన్నగారు. ఆయన అప్పటికే తన తెర ముందు కూర్చుని ఉన్నాడు. "గుర్రానికి చలేస్తుందని దుప్పటి కప్పించాం కదా, అందుకని ఎవరూ చూడలేదు. దానికి తోక లేదు."

"అయితే రాయండి. చేసింది నేనని కూడా రాయండి."

అన్నగారు కాసేపు ఆలోచించి రాశాడు. బాసు వెళ్ళి ఆయన భుజం మీదుగా చదివాడు: "నాలుగు వందల పదమూడు. ఈ రాజ్యంలో ఈగలు లేవు కాబట్టి గుర్రానికి తోకతో పనిపడలేదు. తొందరేమీ లేదు."

ఆ సాయంత్రం కొత్తమ్మాయి ఇంటికి వెళ్ళి, "నాన్నా, ముప్ఫై ఎనిమిది తప్పులు చేశానని ఒప్పుకున్నాను, ఉద్యోగం ఖాయం చేశారు" అంది. జీవితమంతా బ్యాంకులో గడిపిన మనిషికి ఆ లెక్క ఎన్నిసార్లు చెప్పినా తేలలేదు. పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చారు. జాబితా మొదటి పేజీ చదివి ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు, పదో పేజీకి పొట్ట పట్టుకున్నారు, తర్వాత ఆటాడి కొనుక్కున్నారు. వెళ్ళేముందు ఒకాయన దుప్పటి ఎత్తి చూసి గుర్రానికి తోక పెడితే బాగుంటుందన్నాడు. అన్నింటికీ తలూపిన బాసు ఆ ఒక్కదానికి ఒప్పుకోలేదు.

"అక్కడ ఈగలు లేవండీ" అన్నాడు.